టోస్కానినీ ‘ఒటెల్లో’

ఇటలీ స్వరకర్త వెర్డీ రాసిన ఒపేరా (పాటగా సాగే నాటకం) ‘ఒటెల్లో’కు గొప్ప రికార్డింగులు చాలా ఉన్నాయి. నాకు మాత్రం 1947 డిసెంబరులో ఎన్‌బీసీ రేడియో కోసం న్యూయార్క్‌లో ఆర్టురో టోస్కానినీ ఆర్కెస్ట్రాను నడిపించినదే ప్రాణం. శబ్దం పాతది, స్టూడియోలో ప్రతిధ్వని తక్కువ. అయినా సరే.

1887 ఫిబ్రవరి 5న మిలాన్‌లోని లా స్కాలాలో ఈ ఒపేరా తొలి ప్రదర్శనకు చెల్లో వాయించినవారిలో పందొమ్మిదేళ్ల టోస్కానినీ ఒకరు. రికార్డింగు నాటికి ఆయనకు ఎనభై ఏళ్లు. ఆ వేగంలో వయసు ఎక్కడైనా వినిపిస్తుందేమో వెతకండి!

షేక్‌స్పియర్ నాటకంలోని వెనిస్ అంకాన్ని, ఈ ఒపేరాకు మాటలు రాసిన బోయిటో పూర్తిగా తీసేశారు. తెర లేవగానే సైప్రస్ తీరంలో తుఫాను. దాని అడుగున ఆర్గన్ పక్కపక్కనే ఉన్న మూడు స్వరాలను ఒకేసారి పట్టి వదలదు. చెవికి అదేమిటో అందదు గానీ గుండె బిగుసుకుంటుంది.

ఇందులో ఒటెల్లోగా పాడిన రామోన్ వినాయ్‌ది బారిటోన్‌గా (మగవారి మధ్యస్థాయి గొంతు) మొదలైన గొంతు. ఆ ముదురుదనం, భార్య డెస్డెమోనాపై ఒటెల్లో అనుమానానికి సరిగ్గా అతికింది. తర్వాతి కాలంలో ఆయన, ఆ అనుమానాన్ని నాటే ఇయాగో పాత్రనూ పాడారు. ఇక్కడి ఇయాగో జుసెప్పె వాల్డెంగో. ఆయన అరవరు, చెవిలో విషం పోస్తారు. అందుకే భయం.

నాలుగో అంకాన్ని చీకట్లో వినండి. డెస్డెమోనా ప్రార్థన వయొలిన్ల పైస్థాయిలో కరిగిపోగానే డబుల్ బాస్‌లు అట్టడుగు స్వరంతో మొదలుపెడతాయి. ఒటెల్లో లోపలికి వస్తున్నాడు. మాట లేదు. చివరికి తొలి అంకంలోని ముద్దు రాగం తిరిగి వస్తుంది, ఈసారి అతను చంపిన డెస్డెమోనా శవం పక్కన. మూడో ముద్దు అడిగే మాటను వినాయ్ పూర్తి చేయలేరు. ఆ చోట నేను ప్రతిసారీ ఏడుస్తాను.