డిక్కీ ప్యానెల్: ఎండకు చివరలు ఎందుకు లేస్తున్నాయో తెలిసింది

మా కారు డిక్కీ మీద నేనే చేసి బిగించిన కార్బన్ ఫైబర్ ప్యానెల్ ఇది. ఉదయం ఆరింటికి దాని కుడి చివర, డిక్కీకీ ప్యానెల్‌కూ మధ్య సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి బ్లేడ్లు) పెడితే 0.8 మిల్లీమీటరు. మధ్యాహ్నం రెండింటికి అదే చోట స్టీల్ స్కేలు పెడితే 6 మి.మీ. ఎడమ చివర 5.5. బండి కదల్లేదు, ఎవరూ ముట్టుకోలేదు. మధ్యలో జరిగిందల్లా కడప ఎండ. ఇంత అందంగా వచ్చిన ప్యానెల్ చివరలు లేచి నిలబడితే చూడలేకపోయాను. మిగతా పనులన్నీ పక్కన పెట్టి దీని వెంటే పడ్డాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు మాటలు. బండి పాత మారుతి ఎస్టీమ్ కారు. రెండు టెయిల్ లైట్ల మధ్య డిక్కీ మీద ఎర్ర యాక్రిలిక్ రిఫ్లెక్టర్ పట్టీ ఉండేది. నాకంటే ముందు బండి నడిపినాయన బయట కొని బిగించుకున్నది అది. ఎండకు గులాబీ రంగుకు తిరిగి, జాలీలా పగుళ్లు వచ్చి, లోపలికి నీళ్లు చేరాయి. అలాంటిది మళ్లీ ఎక్కడా దొరకలేదు. దాన్నే నమూనాగా పెట్టి మోల్డ్ (అచ్చు) తీసి, కార్బన్ ఫైబర్‌తో నేనే చేసుకున్నాను. పొడవు 980 మి.మీ., ఎత్తు 130, పైనా కిందా 10 మి.మీ. మడత. మోల్డ్ నుంచి శుభ్రంగా ఊడింది, నేత గీతలు ఈ చివరి నుంచి ఆ చివరికి తిన్నగా ఉన్నాయి, బరువు 780 గ్రాముల నుంచి 420కి దిగింది. టెయిల్ లైట్లలో ఉండే రిఫ్లెక్టర్లను ముట్టుకోలేదు. వెనక రెండు పక్కలా ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. మధ్య పట్టీ తీసేవాళ్లు ముందు అవి పగలకుండా, మెరుస్తూ ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇక సమస్య. పైన ఒక పొర 3కె ట్విల్ (ఏటవాలు గీతల నేత) కార్బన్, 200 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 200 గ్రాములు. దాని వెనక రెండు పొరలు 450 జీఎస్ఎం గ్లాస్ మ్యాట్, అంటే గాజు పోగులు నేయకుండా అడ్డదిడ్డంగా పరిచిన చాప. రెసిన్ అరల్డైట్ ఎల్‌వై 556 అనే ఎపాక్సీ, హార్డ్నర్ హెచ్‌వై 951, తూకంలో వందకు పది. ఆరాక మందం 2.3 మి.మీ. డిక్కీకి పట్టి ఉంచేవి రెండు స్టెయిన్‌లెస్ స్టడ్‌లు (ప్యానెల్ వెనక అతికించిన మరమొలలు), వాటి మధ్య దూరం 600 మి.మీ. మధ్యలో 3ఎం వీహెచ్‌బీ టేపు (రెండు వైపులా అంటుకునే గట్టి టేపు). అంటే స్టడ్ దాటాక రెండు వైపులా 190 మి.మీ. చొప్పున పట్టు లేకుండా ఉంది. లేస్తున్నది ఆ భాగమే. ఇంకో తలనొప్పి ఏమిటంటే, సాయంత్రం చల్లబడ్డాక కూడా మొత్తం వెనక్కి రావట్లేదు, 2 మి.మీ. అలాగే మిగులుతోంది. మర్నాడు మళ్లీ అక్కడి నుంచే మొదలు.

మొదటి అనుమానం టేపు మీదికి పోయింది. కానీ టేపు ఎక్కడా ఊడలేదు, పీకితే పెయింటే వచ్చేలా పట్టుకుని ఉంది. వీహెచ్‌బీ విషయంలో నాకు ఎప్పుడూ ఫిర్యాదు లేదు. దానికి బదులు బజారులో దొరికే పేరులేని డబుల్ టేపు వాడి రెసిన్‌ను తిట్టేవాళ్లను చూశాను. తర్వాత డిక్కీ రేకు సాగుతోందేమో అనుకున్నాను. లెక్క వేస్తే అదీ కాదు. ఉక్కు డిగ్రీకి మీటరుకు 12 మైక్రాన్లు సాగుతుంది. 980 మి.మీ. పొడవు, 40 డిగ్రీల తేడా అనుకున్నా అర మిల్లీమీటరు కూడా రాదు. 6 మి.మీ. దాంతో రాదు.

మాకు పెయింట్ చేసే భాయ్‌కి చూపించాను. చేత్తో తట్టి చూసి, "ఇది మామూలే సార్, ఎండకు ఫైబర్ ఇట్లనే లేస్తాది. నాలుగు స్క్రూలు కొట్టేయండి, కూసుంటాది" అన్నాడు. క్లియర్ కోట్ (పైన కొట్టే పారదర్శక పూత) వేయడంలో ఆయన చేతికి కడపలో సాటి లేదు గానీ ఈ ఒక్క సలహా మాత్రం నేను తీసుకోలేను. బలవంతంగా పట్టి ఉంచితే ఆ ఒత్తిడి స్క్రూల చుట్టూ చేరి, కొన్నాళ్లకు అక్కడే పగులుతుంది. కారణం తెలియకుండా స్క్రూ కొట్టడం నాకు ఇష్టం లేదు.

అందుకే ప్యానెల్ విప్పేశాను. మా మిద్దె మీద వంటింటి గట్టు కోసం తెచ్చి మిగిలిపోయిన పాలిష్ కడప బండ ఒకటి ఉంది. మన ఊళ్లో ఇంతకంటే చదునైన బల్ల నాకు దొరకలేదు. స్టీల్ పట్టీ అంచు ఆనించి చూస్తే ఎక్కడా వెలుతురు కనబడదు. అయితే బండ తానే మండిపోతుంది కాబట్టి ప్యానెల్‌ను రెండు చెక్క దిమ్మెల మీద ఉంచాను. డిక్కీ వంపు ప్రకారం దీని మధ్య పొట్ట 22 మి.మీ. ఉండాలి. పొద్దున నీడలో 22 కచ్చితంగా ఉంది. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు 66 డిగ్రీలు చూపించేసరికి 8కి పడిపోయింది. పక్కనే పెట్టిన తెల్ల రేకు ముక్క 50 దాటలేదు. కాబట్టి డిక్కీ, టేపు, స్టడ్‌లు వేటికీ ఇందులో పాత్ర లేదు. ప్యానెల్ తనంతట తానే వంగుతోంది.

ఇక పొరల మీద పడ్డాను. అదే రెసిన్‌తో 300 మి.మీ. పొడవు, 50 వెడల్పు పట్టీలు వేసి, కార్బన్ వైపు పైకి ఉంచి అదే బండ మీద ఎండబెట్టాను. ఒక కార్బన్, వెనక రెండు మ్యాట్ పొరలున్న పట్టీ, అంటే నా ప్యానెల్‌లాంటిదే, 65 డిగ్రీల దగ్గర మధ్యలో ఆనుకుని రెండు చివరలూ 5 మి.మీ. లేచింది. తిరగేసి కార్బన్ కిందికి పెడితే ఈసారి మధ్య భాగం లేచి చివరలు ఆనాయి. కార్బన్ లేని మూడు మ్యాట్ పొరల పట్టీ 0.4 మి.మీ. మాత్రమే. కార్బన్ వెనక నాలుగు పొరలు వోవెన్ గ్లాస్ (నేసిన గాజు గుడ్డ) వేసిన పట్టీ మీద నాకు చాలా ఆశ ఉండింది, ఎందుకంటే వోవెన్ గ్లాస్, మ్యాట్ కంటే తక్కువ సాగుతుంది. కానీ అది 4.5 మి.మీ. లేచింది. మందం 1.2 మి.మీ.కి తగ్గిపోవడంతో, సాగడంలో కలిసొచ్చినదంతా పలచదనంలో పోయింది. చివరిది కార్బన్, రెండు మ్యాట్, మళ్లీ కార్బన్. దాని కింద ఫీలర్ గేజ్ 0.3 మి.మీ. బ్లేడు ఎక్కడా దూరలేదు! మిద్దె మీద ఒక్కడినే గట్టిగా అరిచాను.

ఇస్త్రీపెట్టెలో వేడిని ఆపే రెండు లోహాల పట్టీ ఎలా వంగుతుందో ఇదీ అలాగే. ఈ కార్బన్ నేత పొర డిగ్రీకి మీటరుకు మహా అయితే 3 మైక్రాన్లు సాగుతుంది. రెసిన్ ఎక్కువ తాగిన గ్లాస్ మ్యాట్ 25కు పైనే. లోపలి పొర సాగుతానంటుంది, బయటి పొర సాగనివ్వదు. అందుకే చివరలు కార్బన్ ఉన్న వైపుకు, అంటే బయటికి తిరుగుతాయి. పైనా కిందా ఉన్న మడతలు కొంత ఆపాయి, లేకపోతే 980 మి.మీ. పొడవుకు ఇంకా చాలా ఎక్కువ వంగేది. చల్లటి ఊళ్లలో చేసేవాళ్ల వీడియోల్లో ఒక కార్బన్ పొర మీద మ్యాట్ వేసినా ఏమీ కానట్టే కనిపిస్తుంది. అక్కడ నల్ల ప్యానెల్ 66 డిగ్రీలకు చేరదు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 40 దాటుతుంది. అందం కోసం ఒక్క పొర కార్బన్ అనే పద్ధతి రాయలసీమ బండికి పనికిరాదని నా అభిప్రాయం.

వెనక్కి రాని ఆ 2 మి.మీ. సంగతి వేరు. రెసిన్ కలిపిన కప్పులో అడుగున గట్టిపడిన బిళ్ల ఒకటి దాచుకున్నాను. పొద్దున గోటితో గుచ్చితే టక్కుమంటుంది. ఎండలో 65కు చేరాక అంచు మీద గోరు గుర్తు పడింది. గది వేడిలోనే ఆరిన ఈ రెసిన్ 60 దాటాక మెత్తబడుతోందని నా అంచనా. మెత్తబడ్డప్పుడు ఉన్న వంపులో కొంత చల్లారాక అలాగే ఉండిపోతోంది. దీనికి మందు పోస్ట్ క్యూర్: మెల్లగా 80కి, ఆపైన 100కి వేడి చేసి కొన్ని గంటలు ఉంచడం. ఎల్‌వై 556ను ఈ ఒక్క కారణానికి వదులుకోను. జిగట ఎక్కువ, తడపడం కష్టమే, కానీ వేడి చూపిస్తే గట్టితనం పెంచుకునే రెసిన్. ఫైబర్ షాపుల్లో ఇచ్చే మామూలు పాలిస్టర్ రెసిన్ కంపు, కుంచించుకుపోవడం రెండూ నాకు పడవు. దాన్ని మోల్డ్‌లకే ఉంచాను.

మ్యాట్‌ను మాత్రం వదిలేస్తున్నాను. గ్లాస్ మ్యాట్‌లో పోగులను పట్టి ఉంచే జిగురు చాలా రకాల్లో పాలిస్టర్‌లో ఉండే స్టైరీన్‌కు కరిగేది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు కాబట్టి పోగులు విడిపోవు, మూలల్లో మడతకు లొంగవు. నా ప్యానెల్ కింది మడతలో తెల్లగా కనబడే చోట్లు అవే అనుకుంటున్నాను.

కొత్త ప్యానెల్ ఇలా: కార్బన్, ఆరు పొరలు 200 జీఎస్ఎం వోవెన్ గ్లాస్, కార్బన్. రెండు కార్బన్ పొరల దారం దిశ ఒకటే ఉండాలి. ఒకటి తిన్నగా, ఒకటి ఏటవాలుగా వేస్తే రెండు వైపులా గట్టితనం ఒకేలా ఉండదు. మిగిలిన కార్బన్ ముక్కలోంచి మీటరు పొడవు పట్టీలు రెండు వస్తాయి, కొత్తగా కొనక్కర్లేదు. అయితే కార్బన్ వెనక వైపుకూ వస్తే ఇంకో ప్రమాదం ఉంది. పెయింట్ గీసుకున్న ఉక్కు రేకుకు కార్బన్ తగిలి, వాన నీళ్లు చేరితే, ఆ చోట రేకు మామూలు కంటే త్వరగా తుప్పు పడుతుంది. కార్బన్ కూడా కరెంటు పారనిస్తుంది కాబట్టి తడిలో రెండూ కలిసి బ్యాటరీలా పనిచేస్తాయి. అందుకని వెనక పక్కకూ క్లియర్ కోట్, డిక్కీ రంధ్రాలకు జింక్ ప్రైమరు, రబ్బరు గ్రోమెట్లు (రంధ్రం అంచుకు తొడిగే రింగులు). స్టడ్‌ల కాలర్ కింద గ్లాస్ ఫైబర్ బిళ్ల పెట్టి అరల్డైట్‌తో అతికిస్తాను. గ్రోమెట్ రబ్బరు ఉంటే రేకు సాగే ఆ అర మిల్లీమీటరుకు కూడా చోటు దొరుకుతుంది.

పోస్ట్ క్యూర్‌కు కరెంటు ఓవెన్ కొనేది లేదు. రేకు పెట్టెకు లోపల నల్లరంగు వేసి, పైన కిటికీ అద్దం పెట్టి, చుట్టూ థర్మోకోల్ బదులు గడ్డి కూరుతున్నాను, థర్మోకోల్ ఆ వేడికి కరిగి ముడుచుకుంటుంది. ఖాళీ పెట్టె మధ్యాహ్నానికి 90 దాటింది. అద్దం మీద గోనెపట్టా జరుపుతూ గంటకు పది డిగ్రీల చొప్పున పెంచాలి. పాలిస్టర్ మోల్డ్ ఆ వేడికి తట్టుకోదు కాబట్టి ప్యానెల్‌ను బయటికి తీసి, అదే వంపుతో పోసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తొట్టిలో పడుకోబెడతాను. ఆ తొట్టి ముందే బాగా ఎండాలి, లేకపోతే వేడికి అందులోంచి ఆవిరి పుడుతుంది.

రాజంపేట రోడ్డులో రాత్రిపూట లారీల ముందు వెళ్లేటప్పుడు మధ్యలో కాస్త ఎరుపు మెరవాలనీ ఉంది. ప్యానెల్ కింది అంచున 20 మి.మీ. వెడల్పు ఎర్ర రిఫ్లెక్టివ్ టేపు వేయడానికి మోల్డ్‌లోనే అర మిల్లీమీటరు మందం పట్టీ అంటించి, ప్యానెల్‌లో గాడి పడేలా చేస్తున్నాను. టేపును క్లియర్ కోట్ మీద అంటిస్తాను, కింద కాదు, అప్పుడు పాడైతే మార్చుకోవచ్చు. గ్లాస్ నేత కొరియర్‌లో వస్తోంది. ప్యానెల్ బిగించాక అదే మధ్యాహ్నం రెండు గంటలకు, అదే కుడి చివర కొలుస్తాను. 1.5 మి.మీ. లోపు వస్తే క్లియర్ కోట్‌కు భాయ్ దగ్గరికి, దాటితే గ్లాస్ పొరలు ఎనిమిదికి పెంచి చూడాలి.