దాంతో ఏమొస్తాది?

కళ్ళు చూపించుకోను మా ఇంటికొచ్చిన చిన్నాయన ఇంకా ఇక్కడే ఉన్నాడు. కంటి డాక్టరు సోమవారం మళ్ళీ రమ్మన్నాడంట. టీవీ రిమోట్ ఎవరి చేతిలో ఉందో, మా ఆయన ఆఫీసు నుంచి ఎందుకంత ఆలస్యంగా వస్తున్నాడో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఈరోజు గొడవ రిమోట్ గురించి కాదు, ఫోన్ గురించి. రాత్రి అన్నాల దగ్గర మా చిన్నోడు నా ఫోన్ను నీళ్ళ చెంబుకు ఆనించి ఐస్ హాకీ చూస్తున్నాడు. జూనియర్ల జాతీయ పోటీలు, లదాఖ్‌లోని లేహ్‌లో ఆడిన పాత వీడియో. వీడికంటే కాస్త పెద్ద పిల్లలు ఒంటినిండా మెత్తలు కట్టుకొని, సర్రున జారుకుంటా వచ్చి గోడకు గుద్దుకొని, లేచి మళ్ళీ ఉరుకుతున్నారు. వెనక బోడికొండలు. మన పాలకొండలకు మంచు పూస్తే అట్లాగే ఉంటాయి.

తినేటప్పుడు ఫోనేందిరా అనాల్సింది నేనే. అనలేదు, నేనూ చూస్తున్నా కాబట్టి. వాడు ముద్దముద్దకూ ఒక సంగతి చెప్తున్నాడు. వాళ్ళు కర్రలతో కొట్టే నల్లబిళ్ళను పక్ అంటారంట. గట్టి రబ్బరు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, బరువు 170 గ్రాముల దాకా. ఆటకు ముందు దాన్ని కూడా చల్లగా గడ్డ కట్టిస్తారంట, లేకుంటే బంతి మాదిరి ఎగురుతాదని. 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు, గోలు కాసే గోలీతో కలిపి జట్టుకు ఆరుగురు. ఆట ఆగకుండానే ఒకడు గోడ దాటి బయటికొస్తే ఇంకొకడు లోపలికి దూకుతాడు. వాడి కళ్ళు ఇంతింతయినాయి చెప్తుంటే. లెక్కల టేబుల్సు అప్పజెప్పమంటే ఈ ముఖమే కనపడదు.

అప్పుడన్నాడు చిన్నాయన, మజ్జిగ గ్లాసు కింద పెట్టి. "ఏందమ్మీ, కడపలో కూర్చోని వీడు చూసేది ఐసు మీద ఆటనా? దాంతో ఏమొస్తాది?"

ఆయనకిది కొత్త కాదు. నేను ఎమ్మే తెలుగులో చేరినప్పుడు ఇదే అడిగినాడు. మా ఆయన మిద్దె మీద కుండీల్లో టమేటాలు వేసినప్పుడూ ఇదే. మొన్న పక్కింటి పిల్లి మా మెట్ల కింద ఈనితే దాన్ని కూడా అడిగినాడు! మాకు అలవాటే. కానీ చిన్నోడు మాట్లాడకుండా ఫోన్ బోర్లా తిప్పేసి, సంగటి ముద్దను వేలితో పొడుస్తా కూర్చున్నాడు. మంట అక్కడ పుట్టింది నాకు. మా ఆయన పప్పు బాగుందన్నాడు. ఈ మనిషి ఎప్పుడూ ఇంతే.

ఆ ఆటలో నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. తప్పు చేసినవాణ్ణి రెండు నిమిషాలు పక్కనున్న గూట్లో కూర్చోబెడతారు. అంతసేపూ వాడి జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. మా స్టోర్ రూము ఖాళీగానే ఉంది.

గిన్నెలు తోముతుంటే జవాబులు ఒకదాని వెనక ఒకటి వచ్చినాయి. (అప్పుడే వస్తాయి అవి.) కడపలో ఐసేందంటావా చిన్నాయనా, 2025లో మన ఆడపిల్లలు ఆసియా కప్పులో కంచు పతకం తెచ్చిందెక్కడ? అల్ ఐన్‌లో. ఎమిరేట్స్‌లో ఎడారి మధ్య ఊరది. ఆ జట్టులో ఎక్కువమంది లదాఖ్ పిల్లలు. మొదట్లో పోటీలకు పోవడానికి డబ్బుల్లేక చందాలు పోగుచేసుకున్నవాళ్ళు. 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్ మీద 4-3తో తొలి గెలుపు చూసినారు. ఇంక అన్నిటికన్నా గట్టి జవాబు, సరిహద్దు కాసే ఐటీబీపీ పోలీసులకు ఐస్ హాకీ జట్టుంది, సైన్యంలో లదాఖ్ స్కౌట్స్‌కు ఉంది. పెద్దల జాతీయ పోటీల్లో పేరున్న జట్లలో ఇవీ ఉన్నాయి. ఆడేవాళ్ళంతా అక్కడ ఉద్యోగస్తులు. ఏమొస్తాదంటే, ఇదిగో, సర్కారు ఉద్యోగం వస్తాది!

చేతులు తుడుచుకొని హాల్లోకి పోయినా. చిన్నాయన గురక పెడుతున్నాడు.

నిద్రపోయే మనిషిని చూస్తే ఐసు ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. పెద్దత్త కూతురి పెళ్ళప్పుడు, మండే ఎండల్లో, నన్నారి షర్బత్‌కు ఐసుగడ్డ తెమ్మని జేజి పంపితే చిన్నాయన నన్నూ మా అన్ననూ రిక్షా ఎక్కించుకొని పోయినాడు. లోపలికి అడుగు పెడితే అమ్మోనియా ఘాటుకు కళ్ళ నీళ్ళు కారినాయి. నేలలో ఉప్పునీళ్ళ తొట్టి, దాంట్లో మునిగిన పొడుగాటి రేకు డబ్బాలు. గొలుసుతో ఒకదాన్ని పైకి లాగి, మామూలు నీళ్ళలో ఒకసారి ముంచి ఒంచితే, మా అన్నంత పొడుగు గడ్డ తడి గచ్చు మీద జారుకుంటా వచ్చి మా కాళ్ళ దగ్గర ఆగింది. నడుమంతా తెల్లగా, అంచుల్లో అద్దం. కొక్కెంతో లాగేటప్పుడు ఒక మూల విరిగింది. చిన్నాయన పంచె ఎగగట్టి, చెప్పులు విడిచి, ఆ ముక్కను కాలితో అన్న వైపుకు తన్నినాడు. రెండు ఖాళీ డబ్బాల మధ్య గోలు. నేను గోలీ. పెళ్ళి బట్టలంతా తడిసినాయి. ఫ్యాక్టరీ మేస్త్రీ అరుస్తుంటే "ఒక్క గోలన్నా, ఒక్క గోలు" అని బతిమాలినాడు, ముప్పై దాటిన మనిషి! రంపప్పొట్టు పూసి గోతంలో చుట్టి ఇల్లు చేర్చేసరికి గడ్డ సగమైంది. జేజి తిట్లు పెళ్ళిమేళం కంటే గట్టిగా వినపడినాయి.

ఆరోజు ఆయన్ను ఎవరూ అడగలేదు, దాంతో ఏమొస్తాదని.

అదీ రాసేసి పడుకుందామనుకున్నా. కానీ ఒకటి అడ్డం పడింది. పొద్దుటూరు తమ్ముణ్ణి, అదే తన కొడుకును, చిన్నాయన ఎన్నేళ్ళు క్రికెట్ కోచింగులకు తిప్పినాడో మీలో పాతవాళ్ళకు తెలుసు. బ్యాట్లు, బూట్లు, సెలెక్షన్లని ఊర్లు. చేను కూడా కుదవ పెట్టినాడు. వాడిప్పుడు బట్టలంగడిలో కూర్చుంటున్నాడు, వాడికేం దిగుల్లేదు. చిన్నాయన మాత్రం ఆ లెక్క ఇంకా మూసినట్టు లేదు. మరి నా ఎమ్మే కథ తమ్ముడు పుట్టకముందుది కదా, దానికేం చెప్పాలి? ఏమో. కొంత పుట్టుబుద్ధి, కొంత దెబ్బ. దెబ్బ తగిలినంత మాత్రాన అన్నం ముందు పిల్లోడి ముఖం అట్లా చేయాలా అంటే, చేయకూడదు. దాంట్లో నేను తగ్గను.

లేహ్ సంగతి ఇంకొకటి చెప్పి ఆపేస్తా, ఇది చిన్నోడు నిద్రపోయే ముందు చెప్పింది. అక్కడ చలికాలం చెరువు దానంతటదే ఆటస్థలం అవుతాదంట. మైదానాల్లో అయితే రాత్రిపూట నీళ్ళు పారించి, గడ్డ కట్టినాక దాని మీద మళ్ళీ పారిస్తారంట. ట్యాంకరు కోసం బిందెలు వరసబెట్టే ఇంట్లో పుట్టి, వాడికి ఈ మాట ఎంత ముచ్చటో! చక్రాల స్కేటింగ్ నేర్పేవాళ్ళు ఊర్లో ఉన్నారంట, ఫీజు కనుక్కోమన్నాడు. మా ఆయనేమో పరీక్షలయినాక చూద్దామన్నాడు. చూద్దామంటే వద్దని కాదు, ఆయన భాషలో సగం ఒప్పుకున్నట్టే.

ఐటీబీపీ ముచ్చట మాత్రం చిన్నాయనకు చెప్పదల్చుకోలేదు. చెప్పినానంటే సోమవారం దాకా కూడా ఆగడు. రేపు తెల్లారుజామున నాలుగింటికే చిన్నోణ్ణి లేపి, ఉద్యోగం కోసం ఉరికిస్తాడు.