స్నెల్లింగ్ గాలిలో ఒక తెలుగు తిట్టు

తెల్లవారుజామున నాలుగున్నరకి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో బయల్దేరాను. వెనక సీట్లో సైకిల్, దాని పక్కన విప్పిన ముందు చక్రం, నా పక్క సీట్లో మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా. "నలభై మూడేళ్లొచ్చాయి, ఇప్పుడు సైకిల్ రేసులేంటండీ" అంది రాత్రి. అంటే అంది గానీ పులిహోరలో పల్లీలు మాత్రం తగ్గించలేదు.

ఆల్టమాంట్ కనుమ దాటేసరికి ఇంకా చీకటే. 1980ల నుంచీ గాలిమరలకి పేరుపడ్డ కొండలవి. శిఖరాల పొడవునా ఎర్ర దీపాలు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. పక్కనుంచి కొట్టిన గాలికి కారు స్టీరింగ్ ఓసారి చేతిలో కదిలింది. ఇవాళ మన పని ఇంతే అనుకున్నాను.

మొడెస్టో దాటాక తెల్లారింది. ఫిబ్రవరి ఆఖరు, బాదం పూత. రోడ్డుకి రెండువైపులా మైళ్ల కొద్దీ తెల్లటి తోటలు, చెట్ల కింద రాలిన రేకులు. ప్రపంచంలో పండే బాదంలో దాదాపు 80 శాతం కాలిఫోర్నియాదే. ఈ పూతకోసం దేశం నలుమూలల నుంచీ లారీల్లో తేనెపెట్టెలు తెచ్చి, ఎకరానికి రెండు లెక్కన తోటల్లో పెడతారు. గట్ల మీద ఆ పెట్టెలు వరసగా కనిపిస్తే, మా ఊరి పొలాల్లో కుప్పనూర్పులప్పుడు పేర్చిన బస్తాలు గుర్తొచ్చాయి.

స్నెల్లింగ్ ఒక్క వీధి ఊరు. 1872 దాకా మెర్సెడ్ కౌంటీకి ఇదే ముఖ్యపట్టణమట. ఇప్పుడు చూస్తే నమ్మబుద్ధి కాదు. రేసు రోజున మాత్రం ఊళ్లో మనుషులకంటే సైకిళ్లు ఎక్కువ, ఆ రెంటికంటే మరుగుదొడ్డి ముందు క్యూ ఎక్కువ.

నంబర్ కాగితాలు రెండిచ్చారు, ఎనిమిది పిన్నీసులతో సహా. జెర్సీకి వెనకవైపు, నడుం పక్కన అవి ఎవరికి వాళ్లు పెట్టుకోలేరు. నేను మెడ తిప్పుకుని తంటాలు పడుతుంటే పక్క కారు దగ్గరున్న పెద్దాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి, తెల్లమీసం, మోకాళ్ల దాకా చలికోటు. "ఇటు తిరుగు" అని, గాలికి రెపరెపలాడకుండా కాగితం మూలలు మడిచి, ఎనిమిదీ పెట్టేశాడు. ఒక్కటీ గుచ్చుకోలేదు. థాంక్స్ చెప్పేలోపే ఇంకొకళ్ల నంబర్ పెట్టడానికి వెళ్లిపోయాడు.

మాది కేటగిరీ 4, 5 కలిపిన రేసు. కేటగిరీ 1 అన్నిటికంటే పై మెట్టు, 5 అడుగు మెట్టు. మేం నలభై మందిమి, మూడు ల్యాపులు, మొత్తం అరవై కిలోమీటర్లకి కాస్త తక్కువ. మాలో ఎవరికీ ఇది బతుకుదెరువు కాదు. సోమవారం పొద్దున ఎవరి ఆఫీసుకి వాళ్లు వెళ్లాల్సినవాళ్లమే. గెలిస్తే వచ్చేది కూడా పెట్రోలు ఖర్చుకి చాలదు. అయినా మొదటి మలుపు తిరక్కముందే అరుపులు మొదలయ్యాయి.

ఎందుకరుస్తారో బయటివాళ్లకి అర్థం కాదు. ముందువాడి వెనక చక్రానికి అడుగు దూరంలో మన ముందు చక్రం పెట్టుకుని వెళ్తే, గాలి అతను చీలుస్తాడు కాబట్టి మనకి శ్రమ మూడో వంతు దాకా తగ్గుతుంది. అందుకే అందరూ ఒకరి నీడలో ఒకరు దూరతారు. ఆ అడుగు దూరంలో బ్రేకు వేసినా, పక్కకి జరిగినా, పెడలు మీద లేచి నిలబడుతూ సైకిల్‌ని వెనక్కి లాగినా వెనకాల పదిమంది గుండెలు ఆగుతాయి. చక్రానికి చక్రం తగిలితే పడేది ముందువాడు కాదు, వెనకవాడు. హ్యాండిల్ తిప్పే చక్రం వాడిది కదా. మన రోడ్ల మీద లారీల వెనక రాసే 'హారన్ ప్లీజ్' ఎంతో, ఇక్కడ 'హోల్డ్ యువర్ లైన్' అంత. నీ గీతలో నువ్వుండు, మిగతాది మేం చూసుకుంటాం అని.

నేను మొదటి తిట్టు తిన్నది మూడో మైలులో. వరసలో నా ముందువాడు మోచెయ్యి చిన్నగా ఆడించాడు, అంటే 'నా వంతయింది, నువ్వు ముందుకి రా' అని. అప్పుడు అదే వేగంతో వెళ్లాలి. ముందు వరసలోకి వచ్చానన్న ఉత్సాహంలో నేను రెండు గేర్లు పెంచి దూసుకెళ్లాను. వెనక వరస తెగిపోయింది. "ఎక్కడికి బాబూ పరుగు!" అన్న అర్థం వచ్చే మాట, మధ్యలో ఇంకో మాటతో కలిపి వినిపించింది.

రెండో ల్యాపులో గాలి కుడిపక్కనుంచి అందుకుంది. గాలి కుడినుంచి వస్తే ముందువాడి నీడ సరిగ్గా వెనక ఉండదు, ఎడమవైపు వెనకగా పడుతుంది. కాబట్టి అందరూ ఏటవాలుగా, మెట్లు మెట్లుగా పరుచుకోవాలి. కానీ రోడ్డు మధ్యలో పసుపు గీత. అది దాటితే మోటార్ సైకిల్ మీదున్న అధికారి పేరు కొట్టేస్తాడు. ఎదురుగా ట్రాక్టర్లొచ్చే రోడ్డు, ఆ రూలు న్యాయమైనదే. మన సగం రోడ్డులో ఏటవాలుగా ఎనిమిదో పదో మంది పడతారు. మిగతా ముప్పైమంది పసుపు గీత వెంట తాడులా సాగి, గాలికి ఎదురు తన్నుకుంటూ చావాలి. ఆ పదిలో చోటు కోసమే గొడవంతా.

నేను పదకొండోవాణ్ణి. ముందు ఒక నీలం జెర్సీ, వెడల్పాటి వీపు. అతని చక్రానికి పక్కగా జానెడు సందు కనిపించింది. సందు కనపడగానే ముందు చక్రం దూర్చెయ్యడం, తక్కిన బండి సంగతి తర్వాత చూసుకోవడం, అమీర్‌పేటలో స్కూటర్ మీద అయిదేళ్లు నేర్చిన విద్య. దూర్చాను. అదే క్షణంలో నీలం జెర్సీ ఒక గుంత తప్పించుకుంటూ జానెడు ఎడమకి జరిగాడు. 'జుయ్' మని రబ్బరు రాసుకుంది. హ్యాండిల్ నా చేతుల్లో పాములా మెలి తిరిగింది. పసుపు గీత దాటాను, మళ్లీ ఇవతలికొచ్చాను. ఎలా నిలబడ్డానో ఇప్పటికీ తెలీదు.

ఆ భయం నోట్లోకి వచ్చేసరికి తెలుగైంది.

"ఒరేయ్ గాడిదా! కళ్లు కనపడట్లేదా! గాడిదా!"

పదిహేనేళ్లుగా ఈ దేశంలో నాకున్న సౌకర్యం అదొక్కటే. రోడ్డు మీద ఎవరినైనా, ఎంత గట్టిగానైనా తిట్టుకోవచ్చు, ఎవరికీ అర్థం కాదు. మనసు తేలికపడుతుంది, మర్యాదా దక్కుతుంది.

వెనకనుంచి, సరిగ్గా నా భుజం దగ్గర, రొప్పుతూ ఒక గొంతు: "అన్నా, తప్పు నీదేనే."

తల తిప్పే ధైర్యం లేదు. "నీ చక్రం తీస్కపోయి ఆయన చక్రం పక్కన పెట్టినవ్. ఆయనకి వెనకాల కండ్లున్నయా?" అని మళ్లీ అదే గొంతు. కాసేపాగి, "ఎడమకి జరగకు, గీత ఉన్నది."

చెవులు కాలిపోయాయి, అంత చలిలో. కుర్రాడు చెప్పింది అక్షరాలా నిజం. హైదరాబాద్‌లో చక్రం దూర్చినవాడిదే హక్కు. ఇక్కడ దూర్చినవాడిదే పూచీ. ముందువాడు వెనక్కి చూడడు, చూడకూడదు కూడా.

మూడో ల్యాపు గురించి చెప్పుకోవాల్సిందేం లేదు. ఎదురుగాలిలో గుంపునుంచి తెగిపోయి, మేం ఆరుగురం మిగిలాం. వంతులవారీగా లాగాం, ఈసారి నేను వేగం పెంచలేదు. ఇరవై మూడోవాడిగా ముగింపు గీత దాటాను.

కారు దగ్గర ఆ గొంతు తాలూకు మనిషి కనిపించాడు. వరంగల్ కుర్రాడు, శాన్ హోసేలో ఉద్యోగం. పులిహోర డబ్బా తెరిచి కారు డిక్కీ మీద పెట్టాను. ప్లాస్టిక్ చెంచా ఒక్కటే ఉంది, వంతులేసుకుని తింటూ పోట్లాటల కబుర్లలో పడ్డాం. 2010 టూర్ డి ఫ్రాన్స్‌లో కార్లోస్ బరేదో అనే స్పెయిన్ రేసర్, ముగింపు గీత దాటాక సైకిల్‌కున్న ముందు చక్రం ఊడదీసి దాంతో పోర్చుగల్ రేసర్ రుయి కోస్తాని కొట్టాడు. "మన దగ్గరైతే తిట్టుతోనే పోయింది" అన్నాను. "నువ్వు చక్రం ఊడదీసేటట్టే ఉంటివి అన్నా" అన్నాడు.

అప్పుడే నీలం జెర్సీ మావైపు నడుస్తూ వచ్చాడు. హెల్మెట్ తీసేసి ఉన్నాడు. తెల్లమీసం. పొద్దున నాకు పిన్నీసులు పెట్టిన పెద్దాయన.

చలికోటు విప్పేస్తే ఎవరెవరో ఎలా తెలుస్తుంది, గుంపులో మనకి కనిపించేవి వీపులు, పిక్కలే కదా అని సర్దిచెప్పుకోబోయాను. సర్దిచెప్పుకోలేకపోయాను. చక్రం నేనే దూర్చాను, తప్పు నాదే అని ఆయనకి చెప్పాను. ఆయన చెయ్యి ఊపేశాడు. "నేనూ తిట్టానులే. గాలికి నీకు వినపడి ఉండదు." తర్వాత, నిజంగా తెలుసుకుందామన్నట్టు, "నువ్వు రెండుసార్లు అన్నావు. 'గాడిడా'. అంటే ఏంటి?"

నా గొంతులో పల్లీ అడ్డం పడింది.

"'జాగ్రత్త' అని" అన్నాడు వరంగల్ కుర్రాడు, కంటిరెప్ప కూడా ఆడకుండా. "మా భాషలో. గుంత గానీ ప్రమాదం గానీ ఉంటే వెనకవాళ్లకి చెప్తం."

"గాడిడా" అని పెద్దాయన రెండుసార్లు చెప్పుకున్నాడు. బాగుంది, గాలిలో కూడా బాగా వినపడుతుంది అన్నాడు. పులిహోర ఓ చెంచా తిని, ఎండుమిరపకాయ కొరికి, నీళ్ల సీసా వెతుక్కుంటూ వెళ్లాడు.

మార్చి ఆఖర్లో ఇంకో ఊరు, ఇంకో రేసు. గుంపు మధ్యలో, గీతలో నా మానాన నేనున్నాను. ఉన్నట్టుండి ముందునుంచి "గాడిడా!" అని వినిపించింది. ఆ వెంటనే ఇంకో గొంతు, ఆ వెనక ఇంకోటి. నీలం జెర్సీల జట్టు నలుగురూ ఒకరి తర్వాత ఒకరు గుంత చూపిస్తూ, ఆ మాట వెనక్కి అందించుకుంటూ వస్తున్నారు. నా వంతొచ్చింది. వెనక పాతిక మంది ఉన్నారు, గుంత పెద్దదే.

నేనూ అరిచాను.