మన పిల్లల మైన్‌క్రాఫ్ట్ ఇరవై ఏళ్లకీ తెరుచుకోవాలంటే

ఎంతమంది ఆడారన్నదాన్ని బట్టి ఏ ఆటా గుర్తుండిపోదు. 2009లో ఫేస్‌బుక్‌లో వచ్చిన పొలం సాగు ఆట ఫార్మ్‌విల్ ఆడని ఇల్లు లేదనిపించేది. అది బ్రౌజర్లో ఆటలు నడిపే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేది కాబట్టి ఫ్లాష్‌తో పాటే 2020 డిసెంబరు 31న మూతపడింది, ఎవరి పొలమూ ఎవరికీ మిగల్లేదు. డబ్బు పెట్టి కొన్న కార్ల పందేల ఆట ‘ద క్రూ’ కూడా 2024 మార్చి 31న సర్వర్లు ఆపేయగానే తెరుచుకోవడం మానేసింది. బ్లాకులు పేర్చి కావాల్సింది కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ సంగతి వేరు. పిల్లలు కట్టిన ప్రపంచం వాళ్ల సొంత పరికరంలోనే ఫైలుగా ఉంటుంది. 2020లోనే అమెరికాలోని వరల్డ్ వీడియో గేమ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో దానికి చోటు దక్కింది. ఆట పేరు నిలుస్తుందనే నా నమ్మకం. మన పిల్లలకి అందులో ఏం గుర్తుండాలన్నది మాత్రం మన చేతిలో ఉంది.

ఇక్కడ అమెరికాలో ఉన్న మన పిల్లల్ని శ్రీకాకుళంలో ఉన్న మేనత్త పిల్లలతో, పెద్దమ్మ పిల్లలతో కలిపి ఆడించాలనుకుంటే ఆటని చూసి ఎంచుకోవాలి. పబ్జీ మొబైల్‌ని 2020 సెప్టెంబరులో ఇండియాలో నిషేధించారు. ఆ తరవాత 2021లో దాని బదులు వచ్చిన బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఇండియాలో వాళ్లకే, కాబట్టి ఇక్కడి పిల్లలూ అక్కడి పిల్లలూ ఒకే మైదానంలో దిగలేరు. మైన్‌క్రాఫ్ట్‌లోనూ ఒక చిక్కుంది, అది బెడ్‌రాక్, జావా అని రెండు రకాలు. అక్కడివాళ్ల చేతిలో ఉండేది ఆండ్రాయిడ్ ఫోను, దాంట్లో నడిచేది బెడ్‌రాక్. ఇక్కడి కంప్యూటర్లో జావా ఎడిషన్ తెరిస్తే ఇద్దరూ కలవరు, రెండువైపులా బెడ్‌రాకే ఉండాలి. అయినా కలవకపోతే చాలాసార్లు కారణం నెట్ కాదు, పిల్లల మైక్రోసాఫ్ట్ ఖాతా. తల్లిదండ్రుల ఖాతాలోంచి ప్రైవసీ సెట్టింగుల్లోకి వెళ్లి మల్టీప్లేయర్‌కి, అంటే ఇతరులతో కలిసి ఆడడానికి, అనుమతి ఇవ్వాలి. న్యూజెర్సీలో శనివారం పొద్దున్న 9 అంటే అక్కడ వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. తాతయ్య కూడా ఖాళీగా ఉండే వేళ అది.

ఏం కట్టించాలి? మామ్మగారి ఇల్లు. ఆటలో ఒక బ్లాకు ఒక మీటరు. ఆ లెక్కన 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉన్న ఇల్లు 6 × 9 బ్లాకులే అవుతుంది, అందులోనూ మీటరు మందం గోడలు గదుల్ని మింగేస్తాయి. పిల్లలు విసుగెత్తి వదిలేసేది ఇక్కడే. బ్లాకుని అర మీటరుగా అనుకోండి. అడుగుల్ని 0.6తో గుణిస్తే బ్లాకులొస్తాయి: 12 × 18. పాత మట్టిగోడ అడుగున్నర మందం ఉంటుంది కాబట్టి గోడ కూడా సరిగ్గా ఒక్క బ్లాకుకి సరిపోతుంది. తల వంచి దాటాల్సిన 5 అడుగుల ద్వారానికి 3 బ్లాకుల ఎత్తు చాలు. రెడీమేడ్ తలుపు 2 బ్లాకులే ఉంటుంది, అది పెట్టకుండా ఖాళీగా వదిలేయాలి.

టేపు అక్కడి పిల్లల చేతికిచ్చి, వీడియో కాల్లో ఇక్కడి పిల్లల చేత కొలతలు రాయించండి. అరుగు ఎత్తెంత, వసారా వెడల్పెంత, దూలం ఏ గోడ నుంచి ఏ గోడకి, పెరట్లో నుయ్యి గడపకి ఎన్ని అడుగుల దూరం. ఆ తెలుగు మాటలన్నీ పనిలో పడి వాటంతటవే నోటికొస్తాయి, విడిగా నేర్పక్కర్లేదు.

గోడకి మడ్ బ్రిక్స్ వాడండి, 2022 నుంచి ఆటలో ఉన్నాయి. అన్నీ ఉచితంగా ఇచ్చే క్రియేటివ్ పద్ధతిలో ఊరికే దొరుకుతాయి గానీ, ఒకసారి అన్నీ సొంతంగా సంపాదించుకోవాల్సిన సర్వైవల్‌లో చేయించడం మేలు. మట్టి మీద నీళ్ల సీసా వంపితే బురద, బురదకి గోధుమ కలిపితే ప్యాక్డ్ మడ్, అవి నాలుగు కలిస్తే నాలుగు ఇటుకలు. మన ఊళ్లో మట్టిలో గడ్డి కలిపి తొక్కేదీ గోడ పగుళ్లివ్వకుండా ఉండడానికే. ఆ పని చూసిన తాతయ్య ఉంటే అప్పుడే అడగాలి.

పెంకుల కప్పుకి మెట్ల ఆకారంలో ఉండే ఇటుక బ్లాకులు వాడితే వాలు 45 డిగ్రీలు వచ్చి గుడి గోపురంలా నిలబడుతుంది. సగం ఎత్తు బ్లాకులైన స్లాబుల్ని ఒక వరస కింది సగంలో, తరవాతి వరస పై సగంలో పెట్టుకుంటూ పోతే వాలు సగానికి తగ్గి మనింటి చూరులా ఉంటుంది. కొబ్బరిచెట్టు ఆటలో లేదు. జంగిల్ దుంగలు నిలబెట్టి కొసన ఆకులు అతకాలి. 40 అడుగుల చెట్టుకి 24 బ్లాకులు. ఉద్దానం వాళ్లయితే 2018 అక్టోబరు తిత్లీ తుఫానుకి ముందు ఏ చెట్టు ఎక్కడుండేదో పెద్దవాళ్లని అడిగి నాటించండి. ఇప్పుడు ఫొటో తీసినా దొరకని దొడ్డి అది.

కట్టింది పోయేది ఎక్కువగా ఫోను మార్చినప్పుడే. ఆండ్రాయిడ్‌లో ఆట తీసేస్తే ప్రపంచాలూ దాంతోపాటే పోవచ్చు. ముందే ప్రపంచం పేరు పక్కనున్న పెన్సిల్ గుర్తు నొక్కి, కిందికి వెళ్లి ఎక్స్‌పోర్ట్ చేసి, వచ్చిన ఎంసీవరల్డ్ ఫైలుని పేరు, తేదీ వేసి దాచండి. జావా అయితే ఆట మూసేసి, సేవ్స్ ఫోల్డరులో ఆ ప్రపంచం ఫోల్డరు మొత్తాన్నీ కాపీ చేయాలి. ఆట నడుస్తుండగా చేసిన కాపీ పాడైపోవచ్చు. స్విచ్, ప్లేస్టేషన్ లాంటి గేమ్ కన్సోళ్లలో ఎక్స్‌పోర్ట్ ఉండదు. అందుకే ఇల్లు కట్టడం మొదలుపెట్టేదే కంప్యూటర్లోనో ఫోన్లోనో పెట్టుకోండి. ఒక కాపీ శ్రీకాకుళంలో పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. ఏడాదికోసారి కొత్త వెర్షన్‌లో తెరిచి చూడండి, కానీ పాత కాపీని ముట్టుకోకుండా. కొత్త వెర్షన్‌లో ఒకసారి తెరుచుకున్న ప్రపంచం పాతదాంట్లోకి వెనక్కి రాదు.