సాల్మన్‌కు వన్నె తెచ్చే నాచు, పంగాసియస్‌కు ధర తగ్గించే నాచు

సాల్మన్, ట్రౌట్ మాంసంలోని గులాబీ రంగు వాటి ఒంట్లో తయారయ్యేది కాదు. మేతలో ఆస్టాక్సాంథిన్ అనే ఎర్ర రంగు పదార్థం లేకపోతే ముక్క పాలిపోయి బూడిద రంగులో కనిపిస్తుంది. సముద్రంలో నాచు తయారుచేసిన ఈ రంగు, రొయ్యజాతి చిన్న జీవుల ద్వారా చేపకు చేరుతుంది. పెంపకంలో మేతలోనే కలపాలి. ఎక్కువమంది కృత్రిమ రంగు వాడతారు. సహజమైనది కావాలంటే హెమటోకాకస్ ప్లూవియాలిస్ అనే మంచినీటి నాచు ఉంది.

మామూలుగా ఇది పచ్చగానే ఉంటుంది. నత్రజని అందకుండా చేసి వెలుతురు పెంచితే, గట్టి గోడ కట్టుకుని లోపల ఎరుపు నింపుకుంటుంది. ఎండు బరువులో 2 నుంచి 4 శాతం దాకా ఆస్టాక్సాంథిన్ చేరుతుంది. చిక్కంతా ఆ గోడతోనే. కణాలు పగలగొట్టని నాచు పిండి వేస్తే రంగు పేగుల్లో అరక్కుండా బయటికి పోతుంది. కొనేముందు ధర కంటే ముందు అడగాల్సింది ఇదే. పగలగొట్టిన పిండికి మళ్లీ గాలీ వెలుతురూ పడవు, సీలు వేసి చల్లగా ఉంచాలి.

మేత కిలోకు 50 మిల్లీగ్రాములు కావాలంటే టన్నుకు 50 గ్రాముల ఆస్టాక్సాంథిన్, అంటే 2 శాతం పిండి 2.5 కిలోలు. ఐరోపాలో గరిష్ఠ పరిమితి కిలోకు 100 మిల్లీగ్రాములు. గుళికలు చేసే వేడికి కొంత పోతుంది కాబట్టి పిండిని కాదు, తయారైన మేతను పరీక్ష చేయించండి. తిన్నదాంట్లో మాంసంలో నిలిచేది సుమారు పదోవంతే. పైగా నాచులోని ఆస్టాక్సాంథిన్ కొవ్వు ఆమ్లాలతో అతుక్కుని ఉంటుంది, పేగులో విడిపోయాకే ఒంటికి పడుతుంది. మేతలో నూనె తక్కువైతే అదీ తగ్గుతుంది. చేప గుడ్ల దశకు వస్తే రంగు మాంసం వదిలి చర్మానికి, గుడ్లకు మళ్లుతుంది. అంతకు ముందే పట్టుబడి చేయాలి.

శీలావతికో బొచ్చెకో ఈ పిండి పెట్టడం డబ్బు దండగ. వాటి కండరాలు ఆ రంగును పట్టుకోవు.

పంగాసియస్ అనే క్యాట్‌ఫిష్ జాతి చేపది తిరగేసిన కథ. దాని ముక్క తెల్లగా ఉంటేనే మంచి ధర. చెరువు నీరు చిక్కటి పచ్చగా మారినా, మేతలో మొక్కజొన్న గ్లూటెన్ ఎక్కువైనా లూటిన్, జియాజాంథిన్ అనే పసుపు రంగులు చేరి ముక్క పసుపెక్కుతుంది. స్పిరులినా అనే నాచులోనూ జియాజాంథిన్ ఉంది, పంగాసియస్ మేతలో దాన్ని వేయకండి. అమెరికాలో పెంచే క్యాట్‌ఫిష్ మేతలో ఈ పసుపు రంగులు కిలోకు 11 మిల్లీగ్రాములు దాటకూడదన్నది పాత లెక్క. ఎక్కిన పసుపు దిగడానికి వారాలు పడుతుంది. అందుకే పట్టుబడికి చాలా ముందే గ్లూటెన్ తగ్గించి, నీరు మార్చి, రెండు మూడు చేపలు కోసి పగటి వెలుతుర్లో చూసుకోండి.