ఉప్పు పొట్లంతో వడపళనికి

నెల్లూరులో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కేసరికి నా సంచిలో బౌండ్ స్క్రిప్ట్ కాపీలు మూడు, మలైకాజా ఒక కేజీ, ఇస్కపల్లి రాళ్ళుప్పు పొట్లం ఒకటి ఉన్నాయి. ఉప్పెందుకంటే, కథ వినేవాళ్ళకి చూపిద్దామని.

ఏడాదిన్నరగా డైరెక్టర్ కోసం తిరుగుతున్నా. ఉప్పు మడుల్లో పనిచేసే తల్లీకూతుళ్ళ కథ. నలుగురు స్నేహితులం కలిసి 38 లక్షలు పోగేశాం. డబ్బుంటే చాలు, డైరెక్టర్ దొరక్కపోతాడా అనుకున్నాం. హైదరాబాద్‌లో పదకొండు మందికి కథ చెప్పా. పేరున్నవాళ్ళ పారితోషికానికే మా డబ్బు చాలదు. కొత్తవాళ్ళేమో మన కథ అయిపోగానే, "బాగుంది సార్, నా దగ్గర కూడా ఒక స్టోరీ లైనుంది" అని మొదలుపెడతారు. పెళ్ళిచూపులకు వెళ్తే పిల్ల తండ్రి ఎదురు మనకే ఇంకో సంబంధం చెప్పినట్టుంటుంది.

చెన్నై సెంట్రల్‌లో దిగి మెట్రోలో వడపళని వెళ్ళా. చిన్నప్పుడు నాన్నతో వచ్చినప్పుడు బస్సులో కోడంబాక్కం బ్రిడ్జి ఎక్కడమే పెద్ద సంబరం. తెలుగు సినిమా ఒకప్పుడు ఈ ఆర్కాట్ రోడ్డు చుట్టూనే తిరిగింది. విజయా-వాహినీ స్టూడియో ఉన్న చోట ఇప్పుడు మాల్, ఆస్పత్రి. ఏవీఎం గ్లోబు మాత్రం ఉంది. రోడ్డు మధ్యలో రెండో దశ మెట్రో పనులు, దుమ్ము.

మొదట కలిసింది ఒక పెద్దాయన్ని. గూడూరు మనిషి. తెలుగు పరిశ్రమ హైదరాబాద్ తరలిపోయినా ఆయన ఇక్కడే ఉండిపోయి, తమిళ సినిమాలకు కో-డైరెక్టర్‌గా చేశాడు. మురుగన్ గుడి దగ్గర కాఫీ తాగుతూ కథంతా విన్నాడు. "అబ్బయ్యా, ఎండలో ముప్పై రోజులు యూనిట్‌ని నిలబెడతావా? వాళ్ళ రోజువారీ బాటా డబ్బులకే అయిపోతావు. మడి సెట్టు వేసేద్దాం" అన్నాడు. ఆయన లెక్కలో తప్పు లేదు. కానీ సెట్టులో ఉప్పు ఎట్లా పండుతుంది?

రెండో కుర్రాడి గురించి చెప్పుకోవడానికేం లేదు. వాడి దగ్గరా ఒక లైనుంది.

మూడో మనిషి సాలిగ్రామంలో ఒక డబ్బింగ్ థియేటర్‌లో సౌండ్ ఎడిటింగ్ చేస్తుంది. గుమ్మిడిపూండి తెలుగమ్మాయి, ముప్పై దాటి ఉండవు. ఒకే ఒక్క షార్ట్ ఫిల్మ్ తీసింది. బయట బడ్డీకొట్టు దగ్గర నిలబడే కథ చెప్పా. మధ్యలో నేను పొట్లం విప్పితే రెండు ఉప్పు రాళ్ళు తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళతో నలిపింది. ఉప్పుని విన్న మనిషిని అప్పుడే చూశా.

"గాలి లేకపోతే ఉప్పు పండదు కదా సార్?"

"ఎండా ఉండాలి, గాలీ ఉండాలమ్మా."

"అయితే అక్కడ గాలి ఎప్పుడూ కొడుతూనే ఉంటది. మాటలు అక్కడే రికార్డ్ చేస్తారా, తర్వాత డబ్బింగ్ చెప్పిస్తారా? డబ్బింగ్ అంటే గాలి పోతుంది. అక్కడే అంటే మాట పోతుంది."

పదకొండు మందిలో ఒక్కరూ ఈ మాట అడగలేదు. నేనూ ఆలోచించలేదు. డైరెక్షన్ చేస్తావా అని అడిగితే అవునని గానీ కాదని గానీ అనలేదు. స్క్రిప్ట్ తీసుకుని, రాత్రికి చదువుతానంది.

ఆ రాత్రి టీ నగర్ లాడ్జిలో నిద్రపడితే ఒట్టు. పొద్దున్నే ఫోన్ చేసింది.

"కార్తీకంలో వానలు కదా సార్ మీ వైపు. అప్పుడు మడులు మునిగిపోతే వీళ్ళిద్దరూ ఏం తింటారు? స్క్రిప్ట్‌లో లేదే."

నూట పన్నెండు పేజీలు. నిజంగానే ఎక్కడా లేదు. వచ్చే నెల రికార్డర్ తీసుకుని ఇస్కపల్లి వస్తానని, తన టికెట్ తనే కొనుక్కుంటానని చెప్పింది. అడ్వాన్స్ ఊసెత్తితే, "ముందు చూడనీండి" అంది.

మధ్యాహ్నం మళ్ళీ పినాకినే. సూళ్ళూరుపేట దాటాక ఇస్కపల్లిలో నాకు తెలిసిన ఉప్పు మేస్త్రీకి ఫోన్ చేశా.

"అన్నా, వానాకాలం మీరంతా ఏం చేస్తారు?"

"ఏం జేస్తాం, రొయ్యల గుంటల కాడికి కూలికి పోతాం. ఏందబ్బయ్యా, ఇంకా ఆ సినిమా మొదలు గాలేదా?" అన్నాడు.