నెల లెన్సులు, నా ఎడమ కన్ను

నాకు సైట్ మైనస్ ఆరున్నర, రెండు కళ్ళకీ. కళ్ళజోడు తీస్తే ఎదురుగా ఉన్నది ఎవరో గొంతు వింటే గానీ పోల్చుకోలేను. నేను తెనాలిలో పిల్లలకు కూచిపూడి నేర్పుతాను, ఇప్పటికీ వేదిక ఎక్కుతాను. కళ్ళజోడు పెట్టుకుని సత్యభామ వేషం కట్టడం కుదరదు కదా. తరంగంలో పళ్ళెం అంచు సంగతి పాదాలకే తెలుస్తుంది, కానీ వేదిక అంచు ఎక్కడుందో కళ్ళే చూసుకోవాలి. అందుకని గజ్జెలు ఎంత అవసరమో కాంటాక్ట్ లెన్సులూ నాకు అంతే అవసరం.

మొదటి జత ఒక కళ్ళజోళ్ళ షాపులో తీసుకున్నాను. కౌంటర్లో అబ్బాయి నా చీటీ చూసి, అదే మైనస్ ఆరున్నరలో నెల లెన్సుల పెట్టె చేతిలో పెట్టాడు. "నెల లెన్సంటే ముప్పై సార్లు పెట్టుకోవచ్చు మేడమ్. మీరు వారానికి రెండు రోజులే వాడతారు కాబట్టి మూడు నాలుగు నెలలు వచ్చేస్తుంది" అన్నాడు. లెన్సులు నానబెట్టే డబ్బాలో సొల్యూషన్ తగ్గితే పైన కాస్త కలుపుకోమన్నాడు. చెప్పింది చెప్పినట్టే చేశాను. చీటీలో ఉన్న పవర్, ముప్పై సార్ల లెక్క, పైన కలుపుకోవడం, ఈ మూడూ తప్పేనని తెలియడానికి నా ఎడమ కంటి మీద పుండు లేవాల్సి వచ్చింది.

కార్తీక మాసం ప్రోగ్రాముల్లో ఒకటి అయిపోయి ఇంటికొచ్చి, లెన్సులు తీసి, మేకప్ కడుక్కుని పడుకున్నాను. అప్పటికే ఎడమ కంట్లో నలుసు పడ్డట్టుంది. ప్రోగ్రాము రోజుల్లో అది మామూలే అనిపించింది. తెల్లవారేసరికి కన్ను ఎర్రబడి, నీళ్ళు కారుతూ, కిటికీ వైపు చూస్తే గుచ్చేస్తోంది. లెన్స్ తీసి రాత్రంతా గడిచినా నొప్పి తగ్గకపోగా పెరిగింది. కళ్ళ కలక అయితే ఊసులు కడతాయి, దురద పెడుతుంది గానీ ఇలా పొడవదు.

అమ్మ ఫోన్లో నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టుకోమంది, చలవ చేస్తుందని. వీధి చివర మందుల షాపులో కలకకి డ్రాప్స్ అడిగితే ఏదో సీసా ఇచ్చి పంపారు. మా ఆయనది మందుల పంపిణీ వ్యాపారం కావడం నా అదృష్టం. సీసా మీది చిన్న అక్షరాలు చదివి పక్కన పడేశారు. యాంటీబయాటిక్‌తో పాటు అందులో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంది. ఎర్రటి కంటిని ఒక్క పూటలో తెల్లగా కనిపించేలా చేస్తుంది కాబట్టి ఆ డ్రాప్స్ అంటే జనానికి ఇష్టం. లోపల పుండు ఉంటే, ముఖ్యంగా ఫంగస్ పుండైతే, అదే దాన్ని పెంచి పోషిస్తుంది. చీటీ లేకుండా దాన్ని అంత తేలిగ్గా ఎలా అమ్ముతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మధ్యాహ్నానికి అద్దంలో నల్లగుడ్డు మీద చిన్న తెల్ల మచ్చ కనబడింది. అది చూశాక ఇక ఆగలేదు, విజయవాడ బయలుదేరాం.

కంటి ఆసుపత్రిలో డాక్టరు గారు మొదట నారింజ రంగు కాగితపు పట్టీ తడిపి కంటికి తాకించారు. తర్వాత యంత్రం ముందు గడ్డం ఆనించమని నీలి కాంతి వేసి చూశారు. కార్నియా, అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పారదర్శక పొర. దాని పైపొర లేచిపోయిన చోటల్లా ఆ రంగు పచ్చగా మెరుస్తుందట. "లెన్స్ వాడతారా అమ్మా?" అని అడిగారు. అవునన్నాను. "లెన్సులు, డబ్బా, సొల్యూషన్ సీసా, ఏదీ కడగకుండా ఉన్నవి ఉన్నట్టు తెప్పించండి" అన్నారు. మా ఆయన మళ్ళీ తెనాలి పరిగెత్తారు.

ఆలోగా నాకు స్క్రేపింగ్ చేశారు. కంటిని మొద్దుబార్చే చుక్కలు వేసి, సన్నటి బ్లేడుతో పుండు మీద నుంచి కాస్త గీకి, గాజు పలకల మీదా, బ్యాక్టీరియా పెంచే ప్లేట్ల మీదా రాశారు. చెబితే భయమేస్తుంది గానీ నొప్పి తెలియలేదు. బ్లేడు దగ్గరికి వస్తుంటే కన్ను కదపకుండా ఉండటమే కష్టం. దృష్టి నిలపడం నాట్యంలో నేర్చుకున్న విద్య, అక్కడ పనికొచ్చింది. గంటలోపే మొదటి రిపోర్టు వచ్చింది: గ్రామ్ నెగెటివ్ కడ్డీలు, అంటే కడ్డీ ఆకారంలో ఉండే ఒక తరహా బ్యాక్టీరియా. కల్చర్‌లో సూడోమోనాస్ అని తేలింది. అదే బ్యాక్టీరియా నా లెన్స్ డబ్బా అడుగున కూడా దొరికింది. లెన్స్ వల్ల వచ్చే పుళ్ళలో ఎక్కువగా కనిపించేది ఇదేనట. తడి ఉన్నచోటల్లా బతుకుతుంది. సింకు, కుళాయి మూతి, ఆరని డబ్బా, ఏదైనా చాలు.

కార్నియా మందం అర మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ, అంతే. దానికి రక్తనాళాలు లేవు. ఉంటే చూపుకు అడ్డం వస్తాయి. కావలసిన ఆక్సిజన్‌ను చాలావరకు కన్నీటి పొరలోంచి నేరుగా గాలి నుంచే తీసుకుంటుంది. నెత్తురు చేరని చోటు కాబట్టి సూక్ష్మజీవితో పోరాడే కణాలు అక్కడికి వెంటనే చేరలేవు. సూడోమోనాస్ అయితే ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను కరిగించేయగలదు. ఈ సంగతులన్నీ డాక్టరు గారు నిదానంగా చెప్పారు. మందులు పనిచేయకపోతే కార్నియా మార్పిడి దాకా వెళ్ళొచ్చని కూడా చెప్పారు. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ వారి, దానం చేసిన కళ్ళు సేకరించే రామాయమ్మ ఐ బ్యాంక్ పేరు నేను మొదటిసారి విన్నది ఆ గదిలోనే. బయటికొచ్చాక మా ఆయన ముఖం చూడలేకపోయాను.

తర్వాత రోజులు డ్రాప్స్‌తోనే గడిచాయి. మొదట్లో గంటకోసారి, పగలూ రాత్రీ. రెండు రకాల సీసాలు, ఒకటి వేశాక ఐదు నిమిషాలు ఆగి రెండోది. వెంటవెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుందట. పైగా కంటిపాపను పెద్దది చేసే చుక్కలు. అవి వేశాకే నొప్పి కాస్త సర్దుకుంది, కానీ వెలుతురు అస్సలు పడలేదు. కంటికి కట్టు కట్టొద్దన్నారు. మూసి ఉంచితే లోపల వేడికి, తేమకి బ్యాక్టీరియా ఇంకా పెరుగుతుందట. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా వంతు మా అత్తయ్య తీసుకుంది. అలారం పెట్టుకునేది కూడా కాదు. ప్రతి గంటకీ వచ్చి "పైకి చూడమ్మా" అనేది, చుక్క వేసి వెళ్ళేది. కంట్లో ప్లాస్టిక్ ముక్క ఏమిటని మొదటి నుంచీ సణిగిన మనిషి. ఆ రాత్రుల్లో మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ మాటలన్నీ కన్ను బాగయ్యాక వడ్డీతో సహా అనేసింది.

మొదట్లో మచ్చ తగ్గలేదు, అంచు ఇంకా వాచినట్టే ఉంది. నాకు టెన్షన్. డాక్టరు గారు మాత్రం మచ్చ గురించి కాకుండా "నొప్పి ఎలా ఉంది?" అని అడిగారు. తగ్గిందన్నాను. "అయితే మందు పట్టింది" అన్నారు. చూడ్డానికి మార్పు తెలియకముందే నొప్పి తగ్గడం మొదలవుతుందట. ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా పచ్చగా మెరిసే ముక్క చిన్నదవుతూ వచ్చింది. గంటకోసారి వేసేది రెండు గంటలకోసారైంది, ఆపైన రోజుకు నాలుగుసార్లైంది. పైపొర పూర్తిగా పూడుకున్న రోజు నీలి కాంతిలో ఏమీ మెరవలేదు.

మచ్చ మాత్రం మిగిలింది. మా వైపు దాన్ని కంట్లో పువ్వు అంటారు. పుండు కార్నియా పైపొరతో ఆగి ఉంటే గుర్తు కూడా ఉండేది కాదు, నాది లోపలి పొరకు దిగింది. అదృష్టవశాత్తు కంటిపాపకు నేరుగా కాకుండా కాస్త కిందికి ఉంది. కళ్ళజోడుతో ఎడమ కన్ను 6/9 వరకు చదువుతుంది, అంటే మామూలు కన్ను తొమ్మిది మీటర్ల నుంచి చదివేదాన్ని ఆరు మీటర్ల నుంచి. రాత్రిపూట ఎదురొచ్చే లారీల లైట్లు ఆ కంటికి సాగి కనిపిస్తాయి. అందుకే చీకటి పడ్డాక బండి నడపడం మానేశాను.

నాకే ఎందుకొచ్చిందని అడిగితే డాక్టరు గారు 1989 నాటి ఒక అమెరికన్ అధ్యయనం లెక్క చెప్పారు. సాఫ్ట్ లెన్సులు పగలు మాత్రమే పెట్టుకునేవాళ్ళలో ఏడాదికి పదివేల మందికి నలుగురికి ఇలాంటి పుండు వస్తుంది. పెట్టుకునే పడుకునేవాళ్ళలో అది ఇరవై ఒకటి. నేను పడుకోలేదు, అయినా ఆ నలుగురిలో పడ్డాను.

ఇంట్లో అందరూ ఇక లెన్సులు వద్దన్నారు. నేను వినలేదు. కన్ను పూర్తిగా నిలదొక్కుకున్నాక, డాక్టరు గారు సరేనన్నాకే, ఈసారి ఆసుపత్రిలోనే లెన్స్ పరీక్ష చేయించుకున్నాను. షాపులో చీటీ చూసి పెట్టె తీసిన పనికి ఇక్కడ దాదాపు పూట పట్టింది. కార్నియా వంపు కొలిచారు. కన్నీళ్ళు ఎన్ని ఊరుతున్నాయో చూడటానికి కింది రెప్పలో కాగితపు ముక్క పెట్టారు. లెన్స్ పెట్టి, రెప్ప ఆర్పినప్పుడు అది కొంచెం జారుతోందా, బిగిసి కూర్చుందా అని చూశారు. సాయంత్రానికి తెల్లగుడ్డు మీద గుండ్రటి అచ్చు పడేదని చెబితే, పాత లెన్స్ నా కంటికి బిగుతై ఉంటుందన్నారు. పెట్టె మీద బేస్ కర్వ్ అని 8.4, 8.6 లాంటి అంకెలు ఉంటాయి, అవి ఆ వంపు లెక్కే.

పవర్ కూడా మారింది. కళ్ళజోడు కంటికి సెంటీమీటరు పైచిలుకు దూరంలో ఉంటుంది, లెన్స్ కంటి మీదే ఉంటుంది. మైనస్ నాలుగు దాటినవాళ్ళకి ఈ తేడా లెక్కలోకి వస్తుంది. నా కళ్ళజోడు మైనస్ ఆరున్నర లెన్సులో మైనస్ ఆరు అయింది. ప్రోగ్రాముల తర్వాత వచ్చే తలనొప్పి ఎక్కడిదో అప్పుడు తెలిసింది. ఈసారి ఇచ్చింది సిలికాన్ హైడ్రోజెల్ రకం. 1990ల చివర్లో వచ్చిన ఈ పదార్థం పాత మెత్తటి లెన్సుల కంటే చాలా ఎక్కువ ఆక్సిజన్‌ను లోపలికి పోనిస్తుంది.

నెల లెన్సంటే మూత తీసిన రోజు నుంచి నెల. మధ్యలో రెండుసార్లే పెట్టుకున్నా సరే, నెల కాగానే పారేయాలి. అంటే రెండే ప్రోగ్రాములున్న నెలల్లో నాలాంటివాళ్ళకి అసలు లాభం లేని బేరం. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాను. ప్రోగ్రాములు వరసగా ఉండే నెలల్లో నెల లెన్సులు. మిగతా కాలంలో అవసరమైన రోజుకి ఒక్కరోజు లెన్స్. ఒక్కోటి ఖరీదే గానీ డబ్బా, సొల్యూషన్ గొడవే ఉండదు. క్లాసులో కళ్ళజోడే. పిల్లలకి నా కళ్ళజోడు అలవాటైపోయింది.

నెల లెన్సులున్నప్పుడు పాటించేవి కొన్ని ఉన్నాయి. పారాణి, పౌడరు చేతులకి తగలకముందే, సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకున్న చేతులతో లెన్సులు పెట్టేసుకుంటాను, కాటుక ఆ తర్వాత. తీసేటప్పుడు ముందు లెన్సులు, తర్వాత మేకప్. పెట్టుకునే ముందు లెన్సును వేలి కొన మీద ఉంచి పక్కనుంచి చూస్తాను. అంచు బయటికి విచ్చుకుని ఉంటే తిరగబడ్డట్టు. తీశాక అరచేతిలో సొల్యూషన్ పోసి లెన్సును రెండు వైపులా వేలితో రుద్దాలి. సీసా మీద రుద్దక్కర్లేదని రాసి ఉన్నా రుద్దమనే డాక్టరు గారి మాట. డబ్బాలోని పాత సొల్యూషన్ పూర్తిగా పారబోసి, కొత్త సొల్యూషన్‌తోనే కడిగి, శుభ్రమైన టిష్యూతో తుడిచి బోర్లించి ఆరబెడతాను, బాత్రూంలో కాకుండా. మూడు నెలలకోసారి డబ్బా మారుస్తాను. నీటి చుక్క మాత్రం తగలనివ్వను, కుళాయిదైనా మినరల్ వాటరైనా. నీళ్ళలో అకాంథమీబా అనే ఇంకో జీవి ఉంటుంది. అది పట్టుకుంటే నెలల తరబడి వైద్యం. వేదికల వెనక గ్రీన్ రూముల్లో సబ్బు ఉండదు, కుళాయి ఉంటే నీళ్ళు ఉండవు. అందుకని ఇంటి దగ్గరే పెట్టుకుని బయలుదేరతాను.

మా పెద్ద క్లాసు పిల్ల ఒకతె తల్లి ఈమధ్య "ఏ కంపెనీ లెన్స్ మంచిదండీ టీచర్ గారూ?" అని అడిగింది. కంపెనీ తర్వాత, ముందు కంటి వంపు కొలిపించమన్నాను. షాపులో ఊరికే ఇస్తుంటే దానికీ ఫీజా అంది. నా ఎడమ కన్ను చూపించాను. మర్నాడే అపాయింట్‌మెంట్ తీసుకున్నారు.

పోయినసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు కార్నియా బాగుందన్నారు, మచ్చ వైపు కొత్త రక్తనాళాలేవీ రాలేదు. కానీ నలభై దాటాను కాబట్టి దగ్గరి చూపుకు కూడా త్వరలో అద్దాలు కావాలట. నెల లెన్సుల్లో దూరం, దగ్గర రెండూ కనిపించే మల్టీఫోకల్ కూడా వస్తాయన్నారు. ఈ సీజన్ కానివ్వండి, చూద్దామన్నాను.